పాత జీపునకు తగిన గేరుబాక్సు

(పేరేసంద్రలో జరిగిన మన సంఘపు నెలసభలో చేసిన ప్రసంగ పాఠము)



నేను ఎస్.ఎస్.ఎల్.సి. వరకు మాత్రమే చదివి, బెల్లము, సెనక్కాయల వ్యాపారములో పడినవాడను. యంత్రశాస్త్రమును నాకెవరును నేర్పలేదు. అట్టివాడు మోటారు బండి కడుపులోని పండ్లచక్రములను గూర్చి మాటలాడ నిలబడినాడేమని మీలో కొందరికి నవ్వు రావచ్చును. కాని మన సంఘపు జీపు నాలుగు నెలలుగా నా గోదాము ముందర కట్టెల మీద నిలిచియున్నది. దానికి ఏ గేరుబాక్సు వేయవలెనో వచ్చు సభలో మీరు నిర్ణయింపవలసియున్నది. పోయినసారి ఆ నిర్ణయమును నేనొక్కడనే చేసితిని, తప్పు చేసితిని. ఆ తప్పు ఎట్లు జరిగినదో, మరల జరుగకుండుటకు ఏమేమి చూడవలెనో విన్నవించుటయే నేటి నా పని.

ఈ జీపు మన తండ్రులు తలకింత చందా వేసికొని కొన్నది. మన ఇండ్లలో తెలుగు ఎన్ని తరములుగా నిలిచియున్నదో లెక్క లేదు గాని, మన ఇండ్లవారందరు కలసి కొన్న వస్తువు మాత్రము ఇదియొక్కటే. పరీక్షల నాడు పిల్లలను కేంద్రమునకు చేర్చినది ఇదియే. వానకాలములో వంక పొంగినపుడు ఆవలి పల్లెల నుండి రోగులను తెచ్చినది ఇదియే. నేడు పెద్దరస్తా నాలుగు వరుసలై హైదరాబాదు వరకు నున్నగా సాగుచున్నది. 108కు ఫోను చేసినచో బండి వచ్చుచున్నది. కాని పెద్దరస్తా విడిచి, గుట్టమీది గుడిసెలకు పోవు బండబాటలో కడపటి రెండు మైళ్ళు ఎవరు పోవుదురు? ఆ రెండు మైళ్ళ కొఱకే ఈ జీపు. ఈ మాటను మనస్సునందుంచుకొని తక్కినది వినవలెనని కోరుచున్నాను.

మొదట జరిగిన తప్పును చెప్పెదను.

మూడేండ్ల క్రిందట జీపు రెండవ గేరు నిలువక తటాలున జారిపోవుట మొదలైనది. మొదటి గేరు వేయునపుడు పండ్లు కొఱుకు శబ్దము వచ్చుచుండెను. మేస్త్రీ విప్పి చూచి, లోపలి సామానంతయు మార్చవలెనని అంచనా వ్రాసి యిచ్చెను. ఆ మొత్తము నాకు ఎక్కువగా తోచినది. బెంగళూరులో ఒక గుజిరీ అంగడిలో, సరకుల వ్యాను నుండి విప్పిన ఐదు గేర్ల పెట్టె అందులో మూడవ వంతు ధరకు దొరకినది. పాతదానికి మూడు గేర్లు, దీనికి ఐదు. ధర తక్కువ, గేర్లు ఎక్కువ. వర్తకుని కంటికి ఇంతకన్న లాభమేమి కావలెను? బేరమాడి తెచ్చితిని.

తెచ్చిన తరువాత కథ మొదలైనది. ఆ పెట్టె మన ఇంజనుకు నేరుగా కూర్చొనలేదు. నడుమ ఒక ఇనుప పలకను లేతులో కోయించితిమి. పాత గేరుబాక్సు వెనుక తగిలియుండు ట్రాన్స్‌ఫర్ కేసు, అనగా నాలుగు చక్రములకు బలమును పంచి లో గేరు నిచ్చు రెండవ పెట్టె, దీనికి తగులలేదు. "ఫోర్ వీలు మనకెందుకు సామీ, కొండలకు గూడ తారు పడింది గదా" అని బిగించినవాడనెను. నేను తల యూపితిని. ట్రాన్స్‌ఫర్ కేసును తీసి మూల పెట్టించితిని. మన జీపునకు వెనుక ఇరుసు గుండు నడుమ నుండదు, కుడి ప్రక్కకు ఉండును. క్రొత్త పెట్టె నుండి షాఫ్టు నడుమగా వచ్చును. ఆ రెంటిని ఏటవాలుగా కలిపిరి. షాఫ్టు జాయింట్లు ఆరునెలలకొకసారి అరిగిపోవుచుండెను. గేరుబాక్సుకు ఒక రూపాయి పెట్టినచోట, దానిని నిలబెట్టుటకు రెండు రూపాయలు పెట్టితిని. ఆ లెక్క నా ఖాతాపుస్తకములో ఉన్నది, ఎవరైనను చూడవచ్చును.

ధనముతో పోయినచో బాగుండెడిది. నాలుగు నెలల క్రిందట ఆవలబెట్ట నరసింహస్వామి దర్శనము చేసికొని మనవారు ఎనిమిదిమంది దిగివచ్చుచుండిరి. దిగుడులో గేరు తనంతట తాను జారి న్యూట్రలునకు వచ్చినది. ఇంజను పట్టు విడిపోయినది. భారమంతయు బ్రేకుల మీద పడినది. రెండు మలుపులు దాటునప్పటికి బ్రేకులు వేడెక్కి పట్టు తప్పినవి. డ్రైవరు బుద్ధిమంతుడు, లోయవైపునకు పోనీయక కొండవైపు గట్టునకు ఆనించి నిలిపినాడు. ఒక పిల్లవానికి పన్ను ఊడినది. ఒక అవ్వకు మణికట్టు విరిగినది. ఆ అవ్వ నేడు మూడవ వరుసలో కూర్చొని యున్నది. నేను ఆసుపత్రికి పోయి చేతులు జోడించినపుడు ఆమె అన్న మాట ఇది: "చెయ్యి అతుక్కుంటాది లే నాయనా, ఆ బండిని మాత్రం అమ్మొద్దు." ఆ మాట వినిన తరువాతనే నేను ఈ విషయమును నేర్చుకొనవలెనని పూనుకొంటిని. మేస్త్రీలను అడిగితిని, పాత పుస్తకములను చూచితిని, పెట్టెను విప్పించి దగ్గర కూర్చొని చూచితిని.

ఇక విషయమునకు వచ్చెదను. గేరుబాక్సు చేయు పని యేమి? ఇంజను బలము ఒక్కటే. దానిని వేగముగా మార్చుకొందుమా, లాగుడుగా మార్చుకొందుమా అన్నదే గేరు. మొదటి గేరు నిష్పత్తి 2.8 అనగా ఇంజను 2.8 చుట్లు తిరిగినచో వెనుక షాఫ్టు ఒక చుట్టు తిరుగును. లాగుడు అన్ని రెట్లు పెరుగును. తరువాత ట్రాన్స్‌ఫర్ కేసులో మరికొంత, ఇరుసు గుండులో మరికొంత పెరుగును. ఈ మూడింటిని గుణించినపుడు వచ్చునదే చక్రము మీది అసలు లాగుడు. గేరుబాక్సు అంగడిలో ఒంటరిగా కనబడును గాని బండిలో ఒంటరిగా పని చేయదు. నేను గుజిరీ అంగడిలో చూడనిది ఇదియే.

ఈ విషయమును జీపును చేసినవారే మనకు చూపియున్నారు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున 1941 మొదలు 1945 వరకు విల్లీస్, ఫోర్డు కంపెనీలు సైన్యము కొఱకు ఆరు లక్షలకు పైగా జీపులను చేసినవి. వానిలో టి-84 అను మూడు గేర్ల పెట్టె ఉండెను. దాని మొదటి గేరు 2.665, ట్రాన్స్‌ఫర్ కేసు లో గేరు 1.97, ఇరుసు 4.88. మూడింటిని గుణించిన 25.6 వచ్చును. యుద్ధము ముగియగానే 1945లో విల్లీస్ వారు రైతుల కొఱకు సీజే-2ఏ అను జీపును చేసిరి. సేద్యపు పనికి సైన్యపు పెట్టె చాలదని తెలిసికొని, అంతకన్న గట్టిదగు టి-90 అను పెట్టెను వేసిరి. అదియును మూడు గేర్లదే. కాని మొదటి గేరును 2.798 చేసిరి, ఇరుసును 5.38 చేసిరి, లో గేరును కూడ పెంచిరి. 1953లో వచ్చిన సీజే-3బి జీపునకు ఇదే వరుస ఉన్నది: 2.798, 2.46, 5.38. గుణించినచో 37. అనగా గేర్ల సంఖ్యను ఒక్కటి కూడ పెంచకయే లాగుడును దాదాపు ఒకటిన్నర రెట్లు చేసిరి. ఎన్ని గేర్లున్నవని వారు చూడలేదు; బండి ఏ పనికి పోవునని చూచిరి.

మన దేశమున 1940ల చివర బొంబాయిలో మహీంద్రా వారు విల్లీస్ జీపులను కూర్చుట మొదలుపెట్టిరి. ఎత్తైన బానెట్టు గల సీజే-3బి రకమును ఆ తరువాత ఏండ్ల తరబడి చేసిరి. అమెరికాలో 1968లో అది ఆగిపోయినను మన దేశమున ఆ వంశము ఆగలేదు. మన సంఘపు జీపు ఆ రకముదే. పెట్రోలు ఇంజను, టి-90 గేరుబాక్సు.

ఇప్పుడు నేను వేయించిన ఐదు గేర్ల పెట్టె లెక్క చూడుడు. దాని మొదటి గేరు 4 అనుకొన్నను, ట్రాన్స్‌ఫర్ కేసు లేదు గనుక 4ను 5.38తో గుణించిన 21.5 మాత్రమే వచ్చును. సైన్యపు జీపుకన్నను తక్కువ! పాత 37 ఎక్కడ, ఈ 21.5 ఎక్కడ? ఐదు గేర్లను కొని, దాదాపు సగము లాగుడును పోగొట్టుకొంటిని.

లాగుడనగా ఎక్కుటకు మాత్రమే యని తలచకుడు. దిగుటకే అది ముఖ్యము. మన జీపు చక్రము మీద సుద్దతో గుర్తు పెట్టి ఒక చుట్టు నడిపి కొలిచితిని, సుమారు 2.2 మీటర్లు వచ్చినది. లో గేరులో ఇంజను నిమిషమునకు 600 చుట్లు తిరుగుచున్నపుడు చక్రము 16 చుట్లు తిరుగును. గంటకు రెండు కిలోమీటర్లకు కొంచెము ఎక్కువ. మనిషి నడక కన్న నెమ్మది. బ్రేకు తొక్కకయే బండి ఎద్దువలె అడుగులో అడుగు వేసికొని దిగును. ఆనాడు ఈ సౌకర్యము బండిలో నుండినయెడల ఆ అవ్వ చెయ్యి విరిగియుండెడిది కాదు.

అయితే ఐదవ గేరు వలన లాభము లేదా? ఉన్నది. పెద్దరస్తా మీద గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పోవునపుడు మన పాత పెట్టెతో ఇంజను నిమిషమునకు సుమారు 2,450 చుట్లు తిరుగును. ఐదవ గేరు నిష్పత్తి 0.85 అనుకొన్నచో 2,080 చుట్లు చాలును. శబ్దము తగ్గును, పెట్రోలు కొంత మిగులును. బెంగళూరునకు ప్రతిదినము పోయివచ్చువారికి అది లాభమే. కాని మన జీపు ప్రతిదినము బెంగళూరునకు పోదు. బస్సు పోవు చోటికి మనము బస్సులోనే పోవుదుము.

ఇక మన యెదుట మూడు మార్గములున్నవి.

మొదటిది, పాత టి-90 పెట్టెనే క్రొత్త సామానుతో మరల కూర్చుట. ఆ పెట్టెయు, దాని ట్రాన్స్‌ఫర్ కేసును నా గోదాములో గోనెపట్టా క్రింద భద్రముగా ఉన్నవి. నేను చేసిన ఒక మంచి పని వానిని తూకమునకు అమ్మకుండుటయే.

రెండవది, నాలుగు గేర్ల పెట్టె. మహీంద్రా వారే తరువాత చేసిన ఎమ్.ఎమ్. 540 వంటి డీజిలు జీపులలో నాలుగు గేర్ల పెట్టెను వేసిరి. అమెరికాలో సీజే-5 జీపులకు వార్నరు టి-98 అను నాలుగు గేర్ల పెట్టెను అదనపు ధరకు ఇచ్చెడివారు. దాని మొదటి గేరు 6.4. మన ట్రాన్స్‌ఫర్ కేసు, ఇరుసులతో గుణించినచో దాదాపు 85 వచ్చును. కొండలెక్కుటకు అంతకన్న బలమైనది అక్కర లేదు. కాని అట్టి పెట్టె ఇక్కడ అంగడులలో దొరకు వస్తువు కాదు. దొరకినను, పన్ను విరిగిన నాడు మరియొక పన్ను దొరకదు.

మూడవది, ఐదు గేర్ల పెట్టె. దాని కథ విన్నారు. అయినను న్యాయముగా చెప్పవలెను: తప్పు ఐదు గేర్లది కాదు. 2010లో వచ్చిన మహీంద్రా థార్ జీపునకును ఐదు గేర్లున్నవి. అది కొండలెక్కుచునే యున్నది. దాని ఇంజను, గేరుబాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు, ఇరుసులు ఒకదానికొకటి తగినట్లు ఒకేచోట పుట్టినవి. నేను తెచ్చినది ఒక ఇంటి తలుపును మరియొక ఇంటి ద్వారబంధమునకు బిగించినట్లున్నది.

మీలో చాలమందికి సొంత జీపులున్నవి. పట్టుగూళ్ళు, టమోటాలు వేసికొని సంతకు పోవువారున్నారు. కనుక గేరుబాక్సు మార్చదలచినవారు చూడవలసిన సంగతులను వరుసగా చెప్పెదను.

మొదట ఇంజనును చూడవలెను. టి-90 పెట్రోలు ఇంజనునకు తగినట్లు చేసినది. కొందరు పెట్రోలు ఇంజనును తీసి డీజిలు ఇంజనును వేసికొన్నారు. డీజిలు తక్కువ చుట్లలోనే బరువుగా లాగును. ఆ లాగుడు మూడు గేర్ల పెట్టె పండ్లను తినును. అట్టివారు డీజిలుతో పుట్టిన నాలుగు గేర్ల పెట్టెనే తీసికొనుట మేలు. తీసికొన్నపుడు గేరుబాక్సును మాత్రము కొనరాదు. అదే బండి నుండి బెల్ హౌసింగు, క్లచ్చి, ట్రాన్స్‌ఫర్ కేసు కలిపి కొనవలెను. ఎద్దులను జతగా కొనుమని పెద్దలందురు.

రెండవది, ఇంజనునకు గేరుబాక్సునకు నడుమ కూర్పు. గేరుబాక్సు ముందు షాఫ్టు కొన ఇంజను క్రాంకు లోని చిన్న బుష్షులో కూర్చొనవలెను. షాఫ్టు గాళ్ళు క్లచ్చి ప్లేటు గాళ్ళతో సరిపడవలెను. రెండు షాఫ్టుల నడిమి రేఖ ఒక్కటిగా ఉండవలెను. ఊరి లేతులో కోసిన పలక వెండ్రుకవాసి తేడా వచ్చినను షాఫ్టు వంకరగా తిరిగి, గేరు పట్టు విడిచి జారును. మన పెట్టెను విప్పి కొలిచినపుడు తేలిన దోషమిదియే.

మూడవది, పొడవు. మన జీపు ముందు చక్రమునకు వెనుక చక్రమునకు దూరము 80 అంగుళములు మాత్రమే. గేరుబాక్సు నాలుగంగుళములు పొడుగైనచో వెనుక షాఫ్టు నాలుగంగుళములు కురుచ కావలెను. షాఫ్టు కురుచయైనకొలది దాని వాలు ఎక్కువగును. వాలు ఎక్కువైనకొలది జాయింట్లు త్వరగా అరుగును. కొనుటకు ముందే పాతదానిని, క్రొత్తదానిని ప్రక్కప్రక్కన పెట్టి తాడుతో కొలవవలెను. తాడునకు ధర లేదు.

నాలుగవది, వెనుక ఇరుసు గుండు ప్రక్కనున్నదా, నడుమనున్నదా యని బండి క్రింద పండుకొని చూడవలెను. పాత విల్లీస్ రకములకు ప్రక్కన ఉండును. ట్రాన్స్‌ఫర్ కేసు బయటి షాఫ్టు ఆ వైపునకే రావలెను.

ఐదవది, పాత పెట్టెను కొనునపుడు పైమూత విప్పించి చూచుట. విప్పనీయని అంగడివాని వద్ద కొనరాదు. పండ్ల అంచులు గుండ్రబడినవా, సింక్రో రింగుల గీతలు అరిగినవా, షాఫ్టు ముందు వెనుకలకు ఊగుచున్నదా, పెట్టెకు బీట ఉన్నదా చూడవలెను. అడుగున మిగిలిన ఆయిలులో అయస్కాంతమును త్రిప్పవలెను. దానికి మెత్తని మసి అంటినచో అరుగుదల. ముక్కలు అంటినచో విరుగుడు.

ఆరవది, దీనిని పేరేసంద్రలో ఎవడు బాగుచేయును, సామాను ఎక్కడ దొరకును అను ప్రశ్న. పాత జీపుల సామాను ఢిల్లీ కశ్మీరీ గేటు అంగడుల నుండి నేటికిని దేశమంతటికి పోవుచున్నది. పంజాబు, హర్యానాల సరిహద్దున మండీ డబ్‌వాలీ యను ఊరిలో పాత జీపులను మరల కట్టుటయే వృత్తిగా బ్రదుకువారున్నారు. బెంగళూరు జె.సి. రోడ్డులో సామాను అంగడులున్నవి. టి-90 బేరింగులు, సింక్రో రింగులు, షాఫ్టులు ఇట్టిచోట్ల దొరకుచున్నవి. దానిని విప్పి కూర్చుటెరిగిన ముసలి మేస్త్రీలు మన తాలూకాలలోనే ఉన్నారు. వారున్నప్పుడే మన కుఱ్ఱవారొకరిద్దరు దగ్గర కూర్చొని ఆ పని నేర్చుకొనవలెను.

ఏడవది, చట్టము. 1988 మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షను ప్రకారము బండి మూలనిర్మాణమును ఇష్టము వచ్చినట్లు మార్చరాదు. 2019లో సుప్రీంకోర్టు కూడ దీనిని గట్టిగా చెప్పినది. పదునైదేండ్లు దాటిన సొంత బండికి ఐదేండ్లకొకసారి రిజిస్ట్రేషను పునరుద్ధరించుకొనవలెను; అప్పుడు బండిని చూపవలెను. ఉన్న పెట్టెనే బాగుచేయించుట మరమ్మత్తు. చాసిసును కోయుట, ఇంజనును మార్చుట వేరు సంగతి. అట్టి పనికి ముందే చిక్కబళ్ళాపురము ఆర్.టి.ఓ. కార్యాలయములో వ్రాతమూలముగా అడుగవలెను.

ఈ ఏడింటిని మన జీపునకు వర్తింపజేసి చూచితిని. ఇంజను పెట్రోలుది, పాత పెట్టె దానికొఱకే చేసినది. పలక అక్కర లేదు. పొడవు మారదు. ఇరుసు వైపు సరిపోవును. సామాను దొరకును. బాగుచేయువారున్నారు. చట్టపు చిక్కు లేదు. పోయిన లో గేరు తిరిగి వచ్చును. కాబట్టి పాత టి-90 పెట్టెనే, అరిగిన చక్రములు, బేరింగులు, సింక్రో రింగులు, ఆయిలు సీళ్ళు అన్నింటిని మార్చి, ట్రాన్స్‌ఫర్ కేసుతో కూడ మరల కూర్పవలెనని నా అభిప్రాయము. మూడేండ్ల క్రిందట మేస్త్రీ చెప్పినది కూడ ఇదియే.

దీనిలో లోపము లేదని నేననను. టి-90 మొదటి గేరునకు సింక్రో లేదు. సింక్రో యనగా ఏమో ఒక్కమాటలో చెప్పెదను. రెండు చక్రములు వేరువేరు వేగములతో తిరుగుచుండగా వానిని ఒక్కసారి కలిపినచో పండ్లు కొఱుకును. సింక్రో రింగు ముందుగా తాకి, రెంటి వేగమును సమము చేసి, తరువాత కలియనిచ్చును. మన పెట్టెలో రెండవ, మూడవ గేర్లకు మాత్రమే అది కలదు. కనుక మొదటి గేరును బండి నిలిచినపుడే వేయవలెను. లేదా డబుల్ క్లచ్చి తొక్కుట నేర్వవలెను. దిగుడు మొదలైన తరువాత గేరు వెదకుకొనరాదు. దిగుటకు ముందే నిలిపి, లో గేరు వేసికొని దిగవలెను. రెండవ గేరు జారు జబ్బు ఈ పెట్టెలకు సహజము. అందుకే చక్రములతోపాటు గేరు ఫోర్కులను, వానిని పట్టియుంచు స్ప్రింగులను కూడ మార్చవలెనని అంచనాలో చేర్చితిని. ఆయిలు విషయమునను జాగ్రత్త వలెను. ఇత్తడి సింక్రో రింగులున్న పెట్టెలో జి.ఎల్.-4 రకపు 90 నంబరు ఆయిలునే పోయవలెను. ఇరుసు గుండు కొఱకైన ఘాటు ఆయిలు ఇత్తడిని తినును.

ఆ సింక్రో రింగును చేతపట్టి చూచినపుడు నాకు మన బ్రదుకే జ్ఞాపకము వచ్చినది. ఇంట తెలుగు, వీధిలో కన్నడము. రెండును తమ తమ వేగమున తిరుగుచున్నవి. పండ్లు కొఱుకకుండ ఇన్ని తరములు కలిసి నడచినవనగా, నడుమ ఇరుగుపొరుగు మర్యాద అను మెత్తని రింగు ఉన్నందుననే గదా. అది అరుగకుండ చూచుకొనుట కూడ మన సంఘపు పనియే.

మన చిక్కబళ్ళాపురము ప్రక్కనున్న ముద్దేనహళ్ళిలో పుట్టి, తెలుగునాటి మోక్షగుండమును ఇంటిపేరుగా కడవరకు మోసిన విశ్వేశ్వరయ్యగారు 1903లో పూనా దగ్గర ఖడక్‌వాస్లా జలాశయమునకు తమంతట తాము తెరచుకొను తలుపులను అమర్చిరి. నీరెంత వచ్చును, కట్ట యెంత ఓర్చును అని కొలిచిన తరువాతనే అట్టి తలుపు పుట్టును. ఆయన పుట్టిన నేలమీద బ్రదుకుచు, కొలవక కొంటినని చెప్పుకొనుటకు నాకు సిగ్గుగానున్నది.

ఇక నా విన్నపములు మూడు. ఒకటి: పాత పెట్టెను బాగుచేయించుటకు అంచనాను ఇద్దరు మేస్త్రీల చేత వ్రాయించి వచ్చు సభలో చదువుదుము, మీరు చేతులెత్తి నిర్ణయింపుడు. నా అభిప్రాయమును కాదనుటకు మీకు పూర్తి హక్కు కలదు. రెండు: ఐదు గేర్ల పెట్టెకు, దాని మరమ్మత్తులకు సంఘపు ధనము ఎంత వ్యయమైనదో అంతయు నేను తిరిగి కట్టెదను. పెట్టెను అమ్మగా వచ్చునది కూడ సంఘమునకే. ఇది దానము కాదు, బాకీ. మూడు: ఇకమీదట సంఘపు బండి విషయమున ఒక్కడు నిర్ణయింపరాదు; నడుపువాడు, బాగుచేయువాడు, లెక్క వ్రాయువాడు ముగ్గురు కూర్చొని సంతకము చేసిన తరువాతనే సామాను కొనవలెను. ఆ ముగ్గురిలో మొదటి మాట నడుపువానిది కావలెను. ఆనాడు గట్టుకు ఆనించి ఎనిమిదిమందిని కాపాడినవాడు, నేను ఐదు గేర్ల పెట్టెను తెచ్చిన దినమే "అన్నా, లో గేరు లేకుండా కొండకు పోలేము" అన్నాడు. నేను వినలేదు.

బాగుపడిన జీపు మొదటిసారి ఎవరిని ఎక్కించుకొనవలెనో కూడ నేను తలచియున్నాను. అవ్వ ఒప్పుకొన్నచో, ఆమెను ముందు సీటులో కూర్చుండబెట్టి, లో గేరులో ఆవలబెట్ట నుండి దింపుకొని రావలెను. ఆమె ఒప్పుకొనకున్నను తప్పు పట్టను.